కాగితం సంగతి వేరు, మనిషి సంగతి వేరు

మన యూనియన్ ఆఫీసులో పేపర్లు చదివే బల్ల దగ్గర చాలాకాలంగా ఒకే పేరు మీద వాదన నడుస్తోంది. పగటి పాళీ దిగి వచ్చినవాళ్లు మొదలుపెట్టిన వాదనను రాత్రి పాళీకి పోయేవాళ్లు అందుకుంటున్నారు. ఆ పేరు మన ఊరిది కాదు, మన దేశానిదీ కాదు. వికీలీక్స్ అనే సంస్థను 2006లో స్థాపించి, ప్రభుత్వాలు దాచిపెట్టిన కాగితాలను లక్షల సంఖ్యలో బయటపెట్టిన ఆస్ట్రేలియా దేశస్థుడు జూలియన్ అసాంజ్‌ది. 2024 జూన్‌లో ఆయన లండన్ జైలు నుంచి విడుదలైనప్పుడు మన బులెటిన్‌లో పది పంక్తుల వార్త వేశాము. ఆ పది పంక్తులకు వచ్చినన్ని ఉత్తరాలు బోనస్ ఒప్పందం మీద కూడా రాలేదు.

ఒక ఉత్తరం ఇలా ఉంది: "ప్రపంచాన్ని శాసించే అమెరికా గుట్టును రట్టు చేసిన వీరుడు ఆయన. పది పంక్తులతో సరిపెట్టడం మీకు న్యాయమేనా?" ఇంకొకరు రాశారు: "రష్యా చేతిలో పావుగా మారినవాడికి, తన పేరు తప్ప ఇంకేదీ పట్టనివాడికి కార్మికుల పత్రికలో చోటెందుకు?" మూడో ఉత్తరం వైండింగ్‌లో పనిచేసే ఒక అక్క రాసింది. "మిల్లులో సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు చేసిన ఆడదాన్ని చూసి, ఇదంతా ఎవరో చేయించిన కుట్ర అంటారు. అసాంజ్ మీద ఫిర్యాదు చేసిన ఆడవాళ్లనూ అదే అంటున్నారు. మీరూ అదే అంటారా?"

ఈ మూడు ఉత్తరాలకూ జవాబు చెప్పవలసిన బాధ్యత మా మీద ఉంది. ముఖ్యంగా మూడోదానికి. ఎక్కడో దూరదేశపు తగవు మనకెందుకు అనేవారికి కూడా ఒక మాట చెప్పాలి. దాచిన లెక్క బయటపెట్టినవాడిని ఏం చేయాలన్నది ప్రతి మిల్లులో ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న. మన మధ్య కూడా ఒకసారి ఎదురైంది. ఆ సంగతి తర్వాత చెబుతాము.

ముందు ఒక కాగితం

మనిషి సంగతి మాట్లాడే ముందు ఆయన బయటపెట్టిన కాగితాలలో ఒకదాన్ని చూడండి. ఇది బట్టల పనివాళ్లకు సంబంధించినది.

2009లో హైతీ అనే చిన్న దేశపు పార్లమెంటు కనీస వేతనం పెంచుతూ చట్టం చేసింది. అక్కడి కుట్టు ఫ్యాక్టరీలలో బనీన్లు, లోదుస్తులు, జీన్సు ప్యాంట్లు కుట్టే కార్మికులకు అప్పటిదాకా గంటకు సుమారు 24 అమెరికన్ సెంట్లు ముట్టేవి. కొత్త చట్టం దాన్ని 61 సెంట్లు చేసింది. అంటే రోజుకు సుమారు 5 డాలర్లు. హేన్స్, లీవైస్, ఫ్రూట్ ఆఫ్ ద లూమ్ వంటి పెద్ద బ్రాండ్లకు కుట్టిచ్చే కాంట్రాక్టర్లు ఒప్పుకోలేదు. చివరికి అధ్యక్షుడు రెనే ప్రెవాల్ కుట్టు ఫ్యాక్టరీలకు మాత్రం అంతకంటే తక్కువ వేతనం చాలని తేల్చారు. రోజుకు 5 డాలర్లు కావలసిన చోట 3 డాలర్లు.

తెరవెనుక ఏం జరిగిందో 2011లో బయటికొచ్చింది. రాయబార కార్యాలయాలు తమ ప్రభుత్వానికి పంపే లోపలి ఉత్తరాలను కేబుల్స్ అంటారు. వికీలీక్స్ సంపాదించిన అమెరికా కేబుల్స్ ఆధారంగా ద నేషన్, హైతీ లిబెర్తే అనే పత్రికలు ఈ కథను రాశాయి. కాంట్రాక్టర్ల పక్షాన అమెరికా రాయబార కార్యాలయం పనిచేసిందని, వేతనం పెంపు ఆర్థిక వాస్తవాలు పట్టించుకోని జనాకర్షక చర్య అని అక్కడి అధికారి వాషింగ్టన్‌కు రాశాడని తెలిసింది.

ఇది చదివితే మనకు ఆశ్చర్యమేమీ కలగదు. "మజూరీ పెంచితే ధంధా పక్క రాష్ట్రానికి పోతుంది" అన్న మాట సోలాపూర్‌లోనైనా భివండీలోనైనా మనం విననిది కాదు. కానీ అనుమానం వేరు, రుజువు వేరు. సేఠ్ లోపల ఒకటి, బయట ఒకటి మాట్లాడతాడని మనకు తెలుసు. లోపల మాట్లాడినది కాగితం మీద మన చేతికి రావడం ఎప్పుడోగాని జరగదు. హైతీ కుట్టుపనివాళ్లకు అది జరిగింది.

మిగతా కాగితాలు

అందరికీ తెలిసినవి యుద్ధానికి సంబంధించినవి. 2007 జూలై 12న బాగ్దాద్‌లో అమెరికా హెలికాప్టర్లు వీధిలో ఉన్న మనుషుల మీద కాల్పులు జరిపాయి. చనిపోయినవారిలో రాయిటర్స్ వార్తాసంస్థ ఉద్యోగులు ఇద్దరున్నారు: ఫోటోగ్రాఫర్ నమీర్ నూర్ ఎల్దీన్, డ్రైవర్ సయీద్ చమాగ్. గాయపడినవారిని ఎక్కించుకోవడానికి వచ్చిన వ్యానునూ కాల్చారు. అందులో ఉన్న ఇద్దరు పిల్లలు గాయపడ్డారు. ఆ వీడియో ఇవ్వమని రాయిటర్స్ అక్కడి సమాచార చట్టం కింద అడిగినా రాలేదు. 2010 ఏప్రిల్ 5న వికీలీక్స్ దాన్ని లోకానికి చూపించింది.

అదే ఏడాది అక్టోబరులో ఇరాక్ యుద్ధానికి సంబంధించిన 3,91,832 సైనిక నివేదికలు బయటికొచ్చాయి. అప్పటిదాకా ఏ లెక్కలోకీ ఎక్కని సుమారు 15,000 మంది పౌరుల మరణాలు వాటిలో ఉన్నాయని, చావుల లెక్క కడుతూ వచ్చిన ఇరాక్ బాడీ కౌంట్ అనే సంస్థ అంచనా వేసింది. మస్టర్‌లో పేరు లేనివాడు పనిచేసినట్టు లెక్క కాదు. అలాగే పద్దులో లేని శవం చచ్చినట్టు లెక్క కాదు.

మన దేశపు సంగతులూ వచ్చాయి. 2011 మార్చిలో ద హిందూ పత్రిక భారతదేశానికి సంబంధించిన కేబుల్స్‌ను వరసగా అచ్చువేసింది. 2008 జూలై 22న లోక్‌సభలో జరిగిన విశ్వాస పరీక్షకు ముందు ఎంపీల కోసం సిద్ధం చేసిన డబ్బు పెట్టెలను అమెరికా రాయబార ఉద్యోగికి చూపించారని ఒక కేబుల్‌లో ఉంది. పేరు వచ్చినవారు కాదన్నారు. ఆ కేబుల్స్ నిజమో కాదో తాము నిర్ధారించలేమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. దక్షిణాదిన ఓటర్లకు డబ్బు పంచడం ఎంత మామూలైపోయిందో మరో కేబుల్‌లో రాసి ఉంది. ఎన్నికల ముందు రాత్రి మన బస్తీలలో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకు అది చదివితే నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది.

ఇక మనిషి

వీరుడని రాసిన సోదరునికి ఈ భాగం నచ్చకపోవచ్చు. అయినా రాయక తప్పదు.

మొదటిది స్వీడన్ కేసు. 2010 ఆగస్టులో ఇద్దరు స్త్రీలు అసాంజ్ మీద ఫిర్యాదు చేశారు. వాటిలో అత్యాచార ఆరోపణ ఉంది. ఆయన కాదన్నారు. లండన్‌లో అరెస్టయి బెయిలు మీద వచ్చారు. స్వీడన్‌కు పంపవలసిందేనని బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, 2012 జూన్ 19న ఈక్వడార్ రాయబార కార్యాలయంలోకి వెళ్లి ఆశ్రయం కోరారు. స్వీడన్‌కు పోతే అక్కడినుంచి అమెరికాకు పంపుతారన్నది ఆయన భయం. ఆ భయం ఉత్తది కాదని తర్వాత తేలింది. 2019 ఏప్రిల్ 11న ఆయన్ని రాయబార కార్యాలయం నుంచి బయటికి లాగిన రోజునే అమెరికా అభియోగం బయటపడింది. కానీ ఆ స్త్రీల ఫిర్యాదు మాత్రం ఏ కోర్టులోనూ విచారణకు రాకుండానే పోయింది. కొన్ని ఆరోపణలకు 2015లో గడువు తీరింది. మిగిలినదాన్ని 2019 నవంబరులో మూసేస్తూ స్వీడన్ ప్రాసిక్యూటర్, ఫిర్యాదుదారు మాట నమ్మదగినదే గానీ కాలం గడిచి సాక్ష్యం బలహీనపడిందని చెప్పారు.

కాబట్టి ఆయన నేరస్థుడని మేము అనలేము. ఏ కోర్టూ అనలేదు. ఆ స్త్రీలు అబద్ధమాడారని కూడా అనలేము. అదీ ఏ కోర్టూ అనలేదు. అమెరికా ఆయన్ని పట్టుకోవాలని చూసింది కాబట్టి ఆ స్త్రీలు అమెరికా మనుషులే అయి ఉంటారనడం తప్పు. వైండింగ్‌లో పనిచేసే అక్కకు మా జవాబు ఇదే: మేము ఆ మాట అనము. నాయకుడు ఎంత పెద్దవాడైనా, ఆయన పని ఎంత గొప్పదైనా, ఆడమనిషి ఫిర్యాదును కుట్ర అని ముందే కొట్టేసే హక్కు ఆయన వెనకున్నవాళ్లకు రాదు. మన యూనియన్‌లోనూ రాదు.

రెండోది, కాగితాలలో ఉన్న చిన్నవాళ్ల పేర్లు. మొదట్లో పత్రికలతో కలిసి, ప్రమాదంలో పడగలవారి పేర్లు కొట్టేసి కేబుల్స్ వేశారు. 2011 సెప్టెంబరు 2న మాత్రం మొత్తం 2,51,287 కేబుల్స్‌నూ పేర్లు కొట్టేయకుండా వదిలేశారు. వాటి తాళం వంటి సంకేతపదం అంతకుముందే గార్డియన్ విలేఖరుల పుస్తకంలో అచ్చయిపోయిందని, కాగితాలు ఎలాగూ బయటికి పోయాయని వికీలీక్స్ వాదించింది. అంతవరకు కలిసి పనిచేసిన ఐదు పెద్ద పత్రికలు ఆ పనిని ఖండించాయి. 2013లో మానింగ్ విచారణలో, ఈ కాగితాల వల్ల ఫలానా మనిషి చనిపోయాడని అమెరికా సైన్యం చూపించలేకపోయింది. 2024లో జడ్జి కూడా, హాని జరిగిన వ్యక్తి అంటూ ప్రభుత్వం ఎవరినీ చూపలేదని గుర్తుచేశారు. ఎవరూ చావకపోవడం మంచిదే. అంతమాత్రాన జాగ్రత్త లేకుండా చేసిన పని మంచిదైపోదు. వికీలీక్స్ వేసిన కాగితాలలో వందలాది మామూలు మనుషుల జబ్బుల వివరాలూ కుటుంబ విషయాలూ ఉన్నాయని 2016 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. రాజుగారి గుట్టు వేరు, రోగి గుట్టు వేరు.

మూడోది 2016 అమెరికా ఎన్నికలు. డెమొక్రాటిక్ పార్టీ ఉత్తరాలను వికీలీక్స్ వేసింది. వాటిని దొంగిలించింది రష్యా సైనిక గూఢచారులని 2018 జూలైలో అమెరికా ప్రాసిక్యూటర్ ముల్లర్ పన్నెండు మందిపై అభియోగం మోపారు. తనకు ఇచ్చింది ఏ ప్రభుత్వమూ కాదని అసాంజ్ అంటూ వచ్చారు. ఉత్తరాలు నిజమైనవే. కానీ ఆ రోజుల్లోనే హత్యకు గురైన ఒక పార్టీ ఉద్యోగికీ ఈ ఉత్తరాలకూ ఏదో సంబంధం ఉందన్నట్టు అసాంజ్ మాట్లాడారు. కొడుకు పోయిన తల్లిదండ్రుల ఇంటిమీద పుకార్లు కురిశాయి. ఇది క్షమించదగిన పని కాదు.

నాలుగోది కార్మికులు గమనించవలసినది. 2011లో వికీలీక్స్ తన దగ్గర పనిచేసేవాళ్లతో ఒక ఒప్పందం మీద సంతకాలు తీసుకుంది. లోపలి సంగతులు బయటపెడితే ఒక కోటీ ఇరవై లక్షల బ్రిటిష్ పౌండ్ల జరిమానా. లోకం గుట్టు విప్పే సంస్థ తన పనివాళ్ల నోటికి వేసిన తాళం అది. అంతకుముందే, 2010లో, అసాంజ్ ఎవరి మాటా వినడని చెప్పి ముఖ్యమైన సహచరులు కొందరు తప్పుకున్నారు.

గుణగణాల చర్చ ఎవరికి లాభం

ఇన్ని తప్పులు రాశాక, మరి ఆయన్ని జైల్లో పెట్టింది ఈ తప్పులకేనా అని చూడాలి. బెయిలు షరతు మీరినందుకు బ్రిటన్ వేసిన 50 వారాల శిక్షను పక్కన పెడితే, ఆయన జైలులో ఉన్నది వీటిలో దేనికీ కాదు. అమెరికా పెట్టిన 18 అభియోగాలలో 17 గూఢచర్య చట్టం కింద, 2010లో వచ్చిన సైనిక, దౌత్య కాగితాలకు సంబంధించినవి. అన్నీ రుజువైతే 175 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. బాగ్దాద్‌లో కాల్చినవాళ్ల మీద కేసు లేదు. కాల్చిన సంగతి అచ్చువేసిన వ్యవహారం మీద కేసు ఉంది. 2016లో ఎన్నికల సభల్లో వికీలీక్స్ అంటే తనకెంతో ఇష్టమని చెప్పిన ట్రంప్ ప్రభుత్వమే ఈ కేసు పెట్టింది. దాన్నిబట్టి చూస్తే, పాలకులకు మనిషి నచ్చాడా లేదా అన్నది ముఖ్యం కాదు. కాగితం ఎవరిని పొడిచింది అన్నదే ముఖ్యం.

మనిషి గుణం మీద చర్చ పెట్టి కాగితాన్ని మరిపించడం కొత్త ఎత్తు కాదు. 1971లో డేనియల్ ఎల్స్‌బర్గ్ వియత్నాం యుద్ధం గురించి ప్రభుత్వం చెప్పిన అబద్ధాల పత్రాలను పత్రికలకు ఇచ్చాడు. నిక్సన్ మనుషులు ఏం చేశారు? పత్రాలు తప్పని నిరూపించలేదు. ఎల్స్‌బర్గ్‌ను చూసే మానసిక వైద్యుడి ఆఫీసు తాళం పగలగొట్టారు, ఆయన్ని పిచ్చివాడిగా చూపే కాగితమేదైనా దొరుకుతుందేమోనని. ఆ దొంగతనం బయటపడి, 1973 మే నెలలో కోర్టు కేసునే కొట్టేసింది. ఆ ఎల్స్‌బర్గే 2020లో ముసలితనంలో అసాంజ్ పక్షాన సాక్ష్యం చెప్పాడు.

చిత్రహింసల విషయం చూసే ఐక్యరాజ్యసమితి ప్రతినిధి నిల్స్ మెల్జర్ 2019 మేలో జైలుకు వెళ్లి అసాంజ్‌ను చూశారు. అంతకుముందు తానూ అందరిలాగే ఆయన గురించి విన్న చెడునంతా నమ్మానని, అందుకే మొదట ఈ కేసు జోలికి పోలేదని మెల్జర్ స్వయంగా రాసుకున్నారు. చదువుకున్న న్యాయనిపుణుడి సంగతే అలా ఉంటే మన సంగతి చెప్పేదేముంది?

మన గడపలో జరిగినది

ఇప్పుడు మన సంగతి. చాలా ఏళ్ల కిందట, ఇప్పుడు మూతబడి ఉన్న ఒక మిల్లులో, పగారులో పి.ఎఫ్. కోత పడేది గానీ జమ అయ్యేది కాదు. టైం ఆఫీసులో పనిచేసే ఒక గుమాస్తా రాత్రిళ్లు కూర్చుని లెడ్జరును తెల్లకాగితాల మీద చేతిరాతతో ఎత్తి రాసి మాకు తెచ్చిచ్చాడు. తెల్లారేసరికి మిల్లంతా తెలిసింది. సాయంత్రానికి యాజమాన్యం తరఫువాళ్లు గేటు దగ్గరి టీ కొట్లలో ఇంకో కథ మొదలుపెట్టారు. వాడు మట్కా ఆడతాడన్నారు. అప్పులున్నాయన్నారు. పక్క మిల్లు సేఠ్ డబ్బిచ్చాడన్నారు. నాయకుడు కావాలని ఆశ అన్నారు. మూడు నెలలు మనవాళ్లే ఆ గుమాస్తా మంచివాడా చెడ్డవాడా అని కొట్టుకున్నారు. ఆ మూడు నెలల్లో లెడ్జరు గురించి అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆయన మట్కా ఆడేవాడు, నిజమే. పి.ఎఫ్. జమ కాలేదు, అదీ నిజమే. ఒక నిజం ఇంకో నిజాన్ని కొట్టేయదని ఆనాడు గట్టిగా చెప్పలేకపోయాము.

మా తప్పు ఇంకొకటి ఉంది. ఈ మాట ఇన్నేళ్లూ బులెటిన్‌లో రాయలేదు. ఆయన ఇచ్చిన కాగితాలను ఆవేశంలో ఉన్నవి ఉన్నట్టు గేటు పక్క బోర్డు మీద అంటించాము. పి.ఎఫ్. లెక్కతోపాటు ఎవరెవరు ఆఫీసులో ఎంత అడ్వాన్సు తీసుకున్నారో కూడా అందులో ఉంది. ఒక కార్మికుని బాకీ చూసి, కూతురికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. ఆ పని యాజమాన్యం చేయలేదు, మేము చేశాము. ఒక కత్తెర, కాస్త ఓపిక ఉంటే ఆ ఇల్లు నవ్వులపాలు కాకపోయేది.

గుమాస్తా ఉద్యోగం పోయింది. పి.ఎఫ్. బాకీలో కొంత ఆలస్యంగానైనా జమైంది. ఆయన మాత్రం పెళ్లాం పిల్లలతో తెలంగాణలోని తన ఊరికి వెళ్లిపోయాడు. ఆయన్ని కాపాడలేకపోయాము.

బొంబాయిలో పనిచేసిన మన పెద్దలు ఇంకో సంగతి గుర్తుచేస్తారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు దిగారు. డిమాండ్లు మజూరీ గురించి, బదిలీ కార్మికుల గురించి. ఏళ్ల తరబడి చర్చ మాత్రం దత్తా సామంత్ మంచివాడా మొండివాడా అన్నదాని చుట్టూనే తిరిగింది. ఆయన తప్పులు ఆయనవి. 1997 జనవరి 16న ఆయన్ని కాల్చి చంపేశారు. బదిలీ కార్మికుని ప్రశ్న మాత్రం ఇంకా బతికే ఉంది.

కాగితం ఇచ్చిన చేయి

అసాంజ్ మీద వాదించే రెండు పక్షాలూ ఒకరిని మరిచిపోతున్నాయి. ఇరాక్ కాగితాలు, కేబుల్స్, బాగ్దాద్ వీడియో ఇచ్చినది అమెరికా సైన్యంలో చిన్న ఉద్యోగంలో ఉన్న చెల్సియా మానింగ్. 2010 మేలో అరెస్టయింది. 2013లో 35 ఏళ్ల శిక్ష పడింది. జైల్లో ప్రాణం తీసుకోబోయింది. అధ్యక్షుడు ఒబామా శిక్ష తగ్గించాక 2017 మేలో బయటికొచ్చింది. 2019లో వికీలీక్స్ మీద దర్యాప్తులో సాక్ష్యం చెప్పనన్నందుకు మళ్లీ జైల్లో పెట్టారు. 2020 మార్చిదాకా దాదాపు ఏడాదిపాటు అక్కడే ఉంది. పేరు ఒకరికి వచ్చింది, పెద్ద శిక్ష ఇంకొకరు మోశారు.

మన దేశంలో ఈ పని ప్రాణాలే తీసింది. జాతీయ రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దూబే 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి అక్రమాల గురించి రాస్తూ, తన పేరు రహస్యంగా ఉంచమని వేడుకున్నాడు. ఆ పేరు ఆఫీసుల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని చంపేశారు. ఇలాంటివారికి రక్షణగా 2014లో పార్లమెంటు చట్టం చేసింది. అమలులోకి తెచ్చే నోటిఫికేషన్ లేక ఆ చట్టం పుస్తకంలోనే మిగిలింది.

మనం ఏం నేర్చుకోవాలి

2024 జూన్ 26న పసిఫిక్ సముద్రంలోని సైపాన్ దీవిలో అమెరికా కోర్టు ముందు అసాంజ్ ఒక్క నేరం ఒప్పుకున్నారు. బెల్మార్ష్ జైలులో గడిపిన 62 నెలలే శిక్షగా సరిపెట్టి ఇంటికి పంపించారు. అదే ఏడాది అక్టోబరు 1న ఐరోపా మండలి వేదిక మీద, తాను ఒప్పుకున్న నేరం పత్రికా వృత్తి చేయడమేనని ఆయన చెప్పారు. ఆ కేసు అలా ముగిసింది. కానీ రహస్య కాగితం అచ్చువేయడాన్ని నేరంగా ఒప్పించుకోవచ్చన్న దారి తెరిచే ఉంది. రేపు ఆ దారిన నడిపించేది అసాంజ్‌నే కాదు, ఏ చిన్న పత్రికనైనా కావచ్చు. అందుకే ఆయన గుణం గురించి ఎన్ని అనుమానాలున్నా, ఆయన మీద పెట్టిన గూఢచర్యం కేసును మేము వ్యతిరేకించాము. ఇప్పుడూ తప్పే అంటున్నాము. ఆయన బొమ్మకు దండ వేయమన్నా వేయము. ఈ రెండు మాటల్లో ఒకదానికొకటి విరుద్ధమైనదేమీ లేదు.

కాగితానికి ఒక తక్కెడ, మనిషికి ఒక తక్కెడ ఉండాలి. కాగితం దగ్గర అడగవలసింది ఇది నిజమా, దీని వల్ల ఎవరి అన్యాయం బయటపడుతోంది, ఇందులో అనవసరంగా ఏ చిన్నవాడి పరువైనా పోతోందా అని. మనిషి దగ్గర అడగవలసింది ఆయన మీద ఫిర్యాదు ఉంటే దానికి జవాబు చెప్పాడా అని. కాగితం నిజమైనంత మాత్రాన మనిషి కడిగిన ముత్యం కాడు. మనిషి చెడ్డవాడైనంత మాత్రాన కాగితం చిత్తుకాగితం కాదు. అన్నిటికంటే మంచి ఉపాయం, లెక్క అడిగే పనిని ఒక్క మనిషి భుజాన వేయకపోవడం. రాజస్థాన్‌లో 1990 మే 1న పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఆ దారి చూపింది. కరువు పనుల మస్టర్ రోల్స్ చూపించమని ఊరంతా కూర్చుని అడిగింది. 1996లో బియావర్‌లో 40 రోజులు ధర్నా చేసింది. "హమారా పైసా, హమారా హిసాబ్" అన్న ఆ నినాదం నుంచే 2005 సమాచార హక్కు చట్టానికి దారి పడింది. ఊరంతా అడిగితే ఎవరి గుణం మీద బురద చల్లుతారు?

ఈ మాటలు ఇతరులకు చెప్పి మనం తప్పించుకోవడం కాదు. యూనియన్ చందాల పద్దు ప్రతి నెలా ఆఫీసు గోడమీద ఉండాలని మేము కార్యవర్గాన్ని కోరుతున్నాము. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. లెక్కలు తెచ్చిచ్చే కార్మికుని పేరు ఇద్దరికి మించి తెలియకూడదు. కాగితం అంటించే ముందు, సంబంధం లేని పేర్లు కొట్టేయాలి. నాయకుని మీద ఆడమనిషి ఫిర్యాదు చేస్తే, ఆ నాయకుని వర్గంవాళ్లు లేని కమిటీ దాన్ని వినాలి. ఈ నాలుగూ వచ్చే సర్వసభ్య సమావేశంలో పెడతాము. మీ అభిప్రాయాలు రాయండి.

హైతీలో ఆ బనీను కుట్టిన కార్మికురాలికి అసాంజ్ ఎలాంటివాడో తెలిసి ఉండకపోవచ్చు. తన కూలి 5 డాలర్లు కాకుండా ఎవరు ఆపారో తెలుసుకునే హక్కు మాత్రం ఆమెకుంది. మన ఊరు వదిలిపోయిన ఆ గుమాస్తా ఈ బులెటిన్ ఎక్కడైనా చూస్తే, ఆలస్యంగానైనా ఈ సంగతి ఆయనకు చేరాలని మా కోరిక. మీ లెడ్జరులోని లెక్క సరైనదే.